డ్యూటీ దిగాక జరిగినదానికి ఛార్జిమెమో వస్తే

అందరికీ నమస్కారం.

డ్యూటీ దిగాక జరిగినదానికి ఉద్యోగికి వచ్చే ఛార్జిమెమోల్లో (శాఖ రాసిచ్చే అభియోగపత్రాల్లో) తరచూ కనిపించే ఒక వాక్యం చూద్దాం. "సదరు ఉద్యోగి ఫలానా తేదీ రాత్రి 9 గంటలకు తన ఇంటి వద్ద పొరుగువారితో ఘర్షణపడ్డారు, తద్వారా ప్రభుత్వోద్యోగికి తగని రీతిలో ప్రవర్తించి 3వ నియమాన్ని ఉల్లంఘించారు." ఇంగ్లీషు మెమో అయితే ఆ నడిమి మాట 'దేర్‌బై'. ఈ వాక్యంలో మొదటి సగం ఒక సంఘటన, రెండో సగం ఒక నిందారోపణ. రెండింటినీ కలపాల్సిన కారణం మాత్రం ఎక్కడా లేదు, దాని స్థానంలో 'తద్వారా' అనే ఒక్క మాటను పెట్టి దాటేశారు. ఈరోజు మన చర్చంతా ఆ మాట చుట్టూనే.

మెమో అందుకున్న ఉద్యోగి మొట్టమొదట అనేది "అది నా సొంత విషయం, ఆఫీసుకేం సంబంధం?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ దాన్నే పట్టుకుని కూర్చుంటే మీ వాదన నిలవదు. 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళిగానీ, అదే ఏడాది వచ్చి నేటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నడుస్తున్న రాష్ట్ర నియమావళిగానీ డ్యూటీ గంటలకే పరిమితం కాలేదు. రెండో పెళ్లి, ఆస్తి కొనుగోలు, రాజకీయ పార్టీ, పత్రికా ప్రకటన అన్నీ ఆఫీసు బయట జరిగేవే, అన్నిటికీ నియమాలున్నాయి. కాబట్టి వాదన "మీకు అధికారం లేదు" అని కాకుండా, "ఈ పనికీ నా ఉద్యోగానికీ లంకె ఏమిటో చూపించండి" అని సాగాలి. చూపించే భారం శాఖది.

లంకె విషయంలో సుప్రీంకోర్టు ఎటు మొగ్గిందో కొన్ని తీర్పుల్లో చూద్దాం. 1984లో గ్లాక్సో కేసులో, ఆవరణలోనో దాని పరిసరాల్లోనో చేసిన తప్పులకే శిక్ష అని స్టాండింగ్ ఆర్డర్లు (కంపెనీ ఉద్యోగ నియమాలు) చెబుతుంటే, ఎక్కడో బయట జరిగిన గొడవకు వాటిని సాగదీయడం కుదరదంది. అదే ఏడాది ఏ.ఎల్. కల్రా కేసులో, 'తగని ప్రవర్తన' లాంటి గాలిమాటను పట్టుకుని, నియమావళి తప్పు అని పేర్కొనని పనిని తప్పుగా లెక్కగట్టలేరంది. ఈ రెండింటినీ వకీళ్లు ఎంతో ఇష్టంగా ఉదహరిస్తారు. కొంచెం జాగ్రత్త. మొదటిది ప్రైవేటు కంపెనీ, రెండోది ప్రభుత్వ రంగ సంస్థ. నేరుగా ప్రభుత్వోద్యోగి విషయంలో 'తగని ప్రవర్తన' అనే నియమమే చాలాసార్లు నిలబడింది.

ఎలా నిలబడిందో దయాశంకర్ కేసు (1987) చెబుతుంది. ఆయన ఒక జడ్జి. ఎల్ఎల్ఎం పరీక్షలో కాపీ కొట్టారు. పరీక్ష హాలుకూ కోర్టు హాలుకూ సంబంధమేమిటన్న వాదన పనిచేయలేదు. జడ్జికి కోర్టులో ఒక ప్రమాణం, బయట ఇంకొక ప్రమాణం ఉండవని సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ లంకె బలమైనది, ఎందుకంటే ఆ కొలువు నడిచేదే నిజాయితీ మీద. అదే పోలీసు ఉద్యోగి బస్టాండులో ఒక జంటతో అసభ్యంగా ప్రవర్తించాడన్న ఆరోపణ వస్తే? 2012 నవంబరులో వచ్చిన సముత్తిరం తీర్పులో అతని తొలగింపు నిలబడింది. ఆ జంటలాంటివాళ్లను కాపాడడమే అతని ఉద్యోగం కాబట్టి. అదే ఆరోపణ గుమాస్తా మీద వస్తే లంకె ఇంత తేలిగ్గా కుదరదు. శాఖ వేరే ఆధారం వెతుక్కోవాలి. మీ హోదా, మీ పని, ప్రజలతో మీ సంబంధం, ఈ మూడింటినీ బట్టి ఒకే పని ఒకరికి తప్పవుతుంది, ఇంకొకరికి కాదు. జవాబు రాసేటప్పుడు మీ జాబ్‌చార్టు పక్కన పెట్టుకోవాలనేది అందుకే.

రాజకీయాల విషయం వేరు, ఇక్కడ పౌరహక్కు అడ్డొస్తుంది. 1962లో కామేశ్వర్ ప్రసాద్ తీర్పు, ఏ రూపంలోనూ ప్రదర్శన చేయకూడదన్న బీహార్ నియమాన్ని ఆ మేరకు కొట్టేసింది. సర్కారు కొలువులో చేరగానే ప్రాథమిక హక్కులు గేటు బయట వదిలేసి రారని అర్థం. (సమ్మె చేయడం మాత్రం ప్రాథమిక హక్కు కాదని అదే తీర్పు అన్నది. మన సంఘాల ఉపన్యాసాల్లో ఆ భాగం ఎందుకో వినిపించదు.) 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు లిపికా పాల్ కేసులో ఇంకొంచెం ముందుకెళ్లింది. మత్స్యశాఖ ఉద్యోగిని ఒక పార్టీ సభకు వెళ్లారని, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టారని రిటైర్మెంటుకు కొద్దిరోజుల ముందు సస్పెండ్ చేశారు. సభకు హాజరవడం వేరు, పాల్గొనడం వేరని కోర్టు తేల్చింది. అయితే రెండో పక్క దేవేంద్రప్ప కేసు (1998) ఉంది. కర్ణాటకలో ఒక కార్పొరేషన్ ఉద్యోగి సంస్థ పెద్ద మీద గవర్నరుకు లేఖ రాసి, పత్రికలకు ప్రకటన ఇచ్చాడు. డిస్మిస్ చేశారు, సుప్రీంకోర్టు సమర్థించింది. తేడా గమనించండి: మొదటామె పౌరురాలిగా మాట్లాడింది, రెండో ఆయన తన సంస్థనే రచ్చకెక్కించాడు. పోస్టు పెట్టేముందు ఎవరి మీద మాట్లాడుతున్నామో చూసుకోవాలి. సొంత శాఖ మీదైతే 'నా అభిప్రాయాలు వ్యక్తిగతం' అని ప్రొఫైల్లో రాసుకున్న వాక్యం ఏ రక్షణా ఇవ్వదు.

పడకగది సంగతుల్లో చట్టం ఈ మధ్యే మారింది. 2010లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ ప్రొఫెసర్ సిరాస్‌ను, ఆయన క్వార్టర్లో చాటుగా తీసిన వీడియో తర్వాత సస్పెండ్ చేశారు. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆ సస్పెన్షన్ మీద స్టే ఇచ్చింది. వారం తిరక్కముందే ఆయన చనిపోయారు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కయింది, 2018లో స్వలింగ సంబంధాలూ వివాహేతర సంబంధమూ నేరాల పట్టిక నుంచి పోయాయి. నేరం కానంత మాత్రాన శాఖాపరమైన తప్పు కాకుండా పోతుందా? పోదు. సైన్యానికి ఈ వెసులుబాటు లేదని, అలాంటి సంబంధాలపై క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండో పెళ్లి సంగతి సరేసరి. మతాచారం అనుమతించినా ప్రభుత్వ అనుమతి లేకుండా చేసుకుంటే తొలగింపు సమంజసమేనని 2015లో ఖుర్షీద్ అహ్మద్ ఖాన్ కేసులో చెప్పారు.

తాగుడు నియమం గురించి ఒక్క మాట. కేంద్ర నియమావళిలో 22వది బహిరంగ స్థలంలో మత్తులో కనిపించడాన్నే కాదు, బహిరంగ స్థలంలో తాగడాన్నీ నిషేధిస్తుంది. జనం డబ్బిచ్చి వెళ్లగల చోటు కూడా బహిరంగ స్థలమేనని వివరణ ఉంది. అక్షరాలా చదివితే బార్లో ఒక్క గ్లాసు కూడా ఉల్లంఘనే. ఇంట్లో మితంగా తాగి ఇంట్లో ఉంటే కాదు. కాబట్టి చోటు ఏది, మత్తును ఎవరు ఎలా నిర్ధారించారు అన్నవే కీలకం. డాక్టరు పరీక్ష లేకుండా "వాసన వచ్చింది" అన్న పంచనామా మీద నడిచే కేసులో క్రాస్ ఎగ్జామినేషన్‌కు బోలెడు చోటుంటుంది.

ఇక కాగితాల దగ్గరికి వద్దాం. కేసులు పోయేది కోర్టులో కాదు, మొదటి సంజాయిషీలో. ఛార్జిమెమో రాకముందే పై అధికారి "మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి" అంటారు. కంగారులో "పొరపాటు జరిగింది, మన్నించండి, ఇకముందు జరగదు" అని రాసిస్తారు. తర్వాత అదే ఒప్పుకోలుగా ఎంక్వైరీ రిపోర్టులో తిరిగొస్తుంది. అప్పుడు రాయాల్సింది ఇంతే: ఆరోపణకు ఆధారమైన ఫిర్యాదు కాపీ, వీడియో ఇప్పించండి, అవి చూశాక వివరంగా జవాబిస్తాను, ఈలోగా ఆరోపణను నిరాకరిస్తున్నాను. నిజంగా జరిగినదైతే అబద్ధం రాయకండి. జరిగింది ఒప్పుకుని, అది తప్పు కాదనో, ఉద్యోగంతో ముడిలేదనో చెప్పడం వేరే దారి, గౌరవమైన దారి కూడా. ఏ దారైనా ఇన్‌వర్డు నంబరు వేయించుకున్న కాపీ మీ దగ్గరుండాలి.

అరెస్టయితే లెక్క వేరు. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండయినట్టే లెక్క. రాష్ట్ర సీసీఏ రూల్స్ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు) 1991లో 8వ రూలు, కేంద్రానికి 10వ రూలు. భార్య పెట్టిన వేధింపుల కేసుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. కేంద్ర ఉద్యోగికి 90 రోజుల్లోపు రివ్యూ చేసి పొడిగించకపోతే సస్పెన్షన్ చెల్లకుండా పోతుంది, దీపక్ మాలీ కేసు (2010) అదే చెప్పింది. గడువు దాటాక చేసిన రివ్యూ దాన్ని బతికించదు. 2015లో అజయ్‌కుమార్ చౌదరి కేసులో, మూడు నెలల్లో ఛార్జిమెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ సాగదీయకూడదన్నారు. రాష్ట్ర ఉద్యోగి రివ్యూ కోరేటప్పుడు ఈ తీర్పును జతపరచాలి. సస్పెన్షన్లో సగం జీతం సెలవుకు వచ్చే మొత్తం, దాని మీద డీఏ జీవనభృతిగా ఇస్తారు. వేరే ఉద్యోగం చేయడం లేదని సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఇవ్వక భృతి ఆగిపోయినవాళ్లు కోకొల్లలు. ఇచ్చినా భృతి రాకపోతే రాతపూర్వకంగా అడుగుతూ ఉండండి. ఎందుకంటే భృతి ఇవ్వకుండా, ఉద్యోగి లేకుండానే ఎక్స్‌పార్టీగా నడిపిన విచారణను 1999లో కెప్టెన్ పాల్ ఆంథోనీ కేసులో కొట్టేశారు.

ఛార్జిమెమో చేతికి రాగానే చూడాల్సింది సంతకం. క్రమశిక్షణాధికారి ఆమోదం లేని ఛార్జిషీటు నిలవదని 2013లో గోపీనాథ్ కేసు చెబుతోంది. ఆ తర్వాత అనుబంధాలు: అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. మన 'తద్వారా' దగ్గర గీత గీయండి. జవాబులో ఒక పేరా పూర్తిగా దానికే కేటాయించి, ఏ నియమంలోని ఏ ఉపవాక్యం, శాఖకు ఏ నష్టం, ఏ ప్రజలకు నమ్మకం పోయింది అని అడగండి. కేంద్రంలో జవాబుకు 15 రోజులిస్తారు. పత్రాలు అందకపోతే ఆ గడువులోపే పొడిగింపు కోరాలి, గడువు దాటాక కాదు.

ఛార్జిమెమో రాగానే కోర్టుకు పరిగెత్తే ఉబలాటం చాలామందికి ఉంటుంది. 2006లో కూనిశెట్టి సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు దాదాపు మూసేసింది. అధికారం లేనివాడు ఇచ్చినదైతేనో, పూర్తిగా చట్టవిరుద్ధమైతేనో తప్ప ఆ దశలో రిట్టు (హైకోర్టు పిటిషన్) తొందరపాటే.

విచారణలో అత్యంత బలహీనమైనది ఫోన్ సాక్ష్యం. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఒకటి ప్రింటు తీసి ఫైల్లో పెట్టి, రుజువైపోయిందనుకుంటారు. శాఖా విచారణకు సాక్ష్యాధారాల చట్టం యథాతథంగా వర్తించదు, నిజమే. కానీ పత్రం దాఖలైనంత మాత్రాన రుజువైనట్టు కాదని, ఎఫ్ఐఆర్ సాక్ష్యం కాదని రూప్‌సింగ్ నేగీ కేసు (2009) చెప్పింది. స్క్రీన్‌షాట్ తీసినవారెవరు, ఏ ఫోన్లో, ముందూ వెనకా మెసేజీలేవి, ఆ ఖాతా మీదేనని ఎలా తేల్చారు? ఆ మనిషిని సాక్షిగా పిలవమని రాయండి, పిలవకపోతే ఆ మాట కూడా రికార్డులోకెక్కాలి. మీ వైపు నుంచి ఒక్కటే: పోస్టు తీసేయకండి, పూర్తి సంభాషణ దాచుకోండి. తీసేస్తే సందర్భం పోతుంది, నిందమాట మిగులుతుంది.

క్రిమినల్ కేసు కూడా నడుస్తుంటే రెండూ ఒకే సంఘటన మీద, చిక్కుముడి ప్రశ్నలతో ఉన్నాయని విచారణ వాయిదా కోరవచ్చు. దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. కోర్టులో నిర్దోషిగా తేలితే సాక్ష్యం ఒకటే అయినప్పుడు శాఖ శిక్ష పడిపోవచ్చు. కానీ సాక్షులు ఎదురుతిరిగినందుకో, రాజీ పడినందుకో వచ్చిన విడుదల అలాంటిది కాదు. ఇందాకటి పోలీసు ఉద్యోగి సముత్తిరం ఓడింది అక్కడే. లోక్ అదాలత్‌లో భార్యాభర్తలు రాజీపడ్డ కాగితం తీసుకెళ్లి శాఖ ముందు పెడితే కేసు దానంతటది మూతపడదు. శిక్షే పడితే మాత్రం విచారణ లేకుండానే చర్య తీసుకోవచ్చు. అయినా శిక్షకు కారణమైన ప్రవర్తనను తూచాలి. నో పార్కింగ్ చోట స్కూటర్ పెట్టినందుకు శిక్షపడ్డ ఉద్యోగిని డిస్మిస్ చేయకూడదని 1985లో శంకర్ దాస్ కేసులో అన్న మాట ఇప్పటికీ పనికొస్తుంది.

విచారణాధికారి రిపోర్టు కాపీ ఇవ్వకుండా శిక్ష వేస్తే, మన హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి వెళ్లిన కరుణాకర్ కేసు (1993) మీ ఆయుధం. కాపీ అందకపోవడం వల్ల మీకేం నష్టం జరిగిందో చూపించాలి, ఊరికే కాపీ రాలేదంటే చాలదు. ఇంక్రిమెంటు కోత దగ్గర 'క్యుములేటివ్ ఎఫెక్టుతో' (అంటే కోత ప్రభావం ఆ తర్వాతి జీతం మీదా శాశ్వతంగా ఉండేలా) అన్న మాట ఉందో లేదో చూడండి. ఉంటే అది పెద్ద శిక్ష, పూర్తి విచారణ లేకుండా వేయకూడదు. కుల్వంత్ సింగ్ గిల్ కేసు (1990) ఆ సంగతి తేల్చింది. మెమో, సంజాయిషీ, మూడు ఇంక్రిమెంట్లు, అయిపోయింది అనుకునే చోట ఈ ఒక్క పాయింటు మీద ఉత్తర్వు కూలుతుంది.

అప్పీలుకు కేంద్ర ఉద్యోగికి 45 రోజులు, రాష్ట్ర ఉద్యోగికి మూడు నెలలు. అప్పీలులో శిక్ష తీవ్రత గురించి విడిగా రాయాలి. కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచదు, శిక్ష మనస్సాక్షిని కలచివేసేంతగా ఉంటేనే వేలు పెడుతుంది. అప్పీలు అధికారికి ఆ పరిమితి లేదు, ఆయన శిక్ష తగ్గించగలరు. అప్పీలు తేలకపోతే కేంద్ర ఉద్యోగి ఆరు నెలలు చూసి, ఆ తర్వాత ఏడాదిలోపు హైదరాబాద్ క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) బెంచికి వెళ్లాలి. ఫీజు 50 రూపాయలు. రాష్ట్ర ఉద్యోగులకు పాత ఏపీఏటీ (రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్) రెండు రాష్ట్రాల్లోనూ లేదు, నేరుగా హైకోర్టులో రిట్టే. ఆ రిట్టుకు అప్పీలు కాపీ, అది అందినట్టు రసీదు, మొదటి రోజు రాసిన సంజాయిషీ అన్నీ జతపరుస్తారు. జడ్జిగారు చదివేది మాత్రం ఎక్కువగా ఆ చివరిదాన్నే.