ప్రొస్టేట్ క్యాన్సర్: తొలి దశలో ఏ వైద్యం ఎంచుకోవాలి?

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. మగవాళ్ల జబ్బే కదా అని ఆడవాళ్లు లేచి వెళ్లకండి. ఇంట్లో మందూమాకూ చూసుకునేది ఎక్కువగా మీరే.

నెల్లూరు, గూడూరు, తిరుపతి నుంచి పొద్దున్నే రైలెక్కి, చెన్నై సెంట్రల్‌లో దిగి మా ఓపీకి వచ్చేవాళ్లు చాలామంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బయాప్సీ రిపోర్టు. పేషెంటు నోరు విప్పరు. "సార్, ఈ వారంలోనే ఆపరేషన్ పెట్టేస్తారా?" అని కొడుకు అడుగుతాడు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. నేను ముందు మూడు సంగతులు చూస్తాను: రక్తపరీక్షలో తెలిసే పీఎస్‌ఏ ఎంత, బయాప్సీలో క్యాన్సర్ ఎంత తీవ్రమో చెప్పే గ్లీసన్ స్కోరు ఎంత, గడ్డ మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి దాటిందా లేదా. పీఎస్‌ఏ పది లోపు, గ్లీసన్ 6, గడ్డ లోపలే ఉంటే సాధారణంగా రిస్కు తక్కువ. పదికి ఆరా అని హడలిపోతారు. ఇప్పటి రిపోర్టుల్లో క్యాన్సర్ అని రాసే స్కోర్లలో అన్నిటికంటే కింది మెట్టు ఆరే! ఇలాంటివాళ్లు ఆలోచించుకోవడానికి నెలా రెండు నెలలు తీసుకుంటే కొంప మునగదు. గ్లీసన్ 8, ఆపైన ఉంటే మాత్రం సంగతి వేరు, అక్కడ ఆలస్యం వద్దు.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 1,643 మందిని కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి వెంటనే వైద్యం చేయకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం అని మూడు గుంపులు చేశారు. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఏ గుంపులోనైనా నూటికి ముగ్గురికి అటూఇటూగానే ఉన్నారు. ఇంకో సంగతీ దాచకూడదు. కనిపెట్టుకుని ఉన్న గుంపులో జబ్బు పాకినవాళ్లు 9 శాతం, మిగతా రెంటిలో 5 శాతం దాకా. ఆ గుంపులో సగానికి పైగా తర్వాత ఎప్పుడో వైద్యం చేయించుకున్నారు. అప్పట్లో ఎక్కువగా పీఎస్‌ఏనే చూసేవారు. ఇప్పుడు ఎంఆర్‌ఐ, మళ్లీ బయాప్సీ కూడా ఉన్నాయి, నిఘా గట్టిది. కానీ ఒకసారి "బాగానే ఉంది" అనగానే మళ్లీ మొహం చూపించని మనిషికి ఈ దారి పనికిరాదు.

ప్రాణం విషయంలో తేడా అంత తక్కువైనప్పుడు, ఏ ఇబ్బందితో బతకగలరు అన్నదే అసలు ప్రశ్న. అదే అధ్యయనంలో పన్నెండేళ్ల తర్వాత మూత్రం లీకై ప్యాడ్ వాడుతున్నవాళ్లు ఆపరేషన్ గుంపులో 24 శాతం, రేడియేషన్‌లో 8 శాతం. మలం లీకవడం రేడియేషన్ గుంపులో 12 శాతం, మిగతావాళ్లలో 6. రోజూ మడి కట్టుకుని పూజ చేసే పెద్దాయన ఒకరు చాలాసేపు తటపటాయించి, "గుళ్లో కూర్చున్నప్పుడు తడి అయితే ఎలా డాక్టరుగారూ?" అని అడిగారు. కొడుకు తెల్లబోయాడు. ఆయనకు వైద్యం తేల్చాల్సిన మాట అదే, అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మరొకరు గ్రంథి బాగా పెరిగి ముందునుంచే రాత్రంతా బాత్‌రూముకి లేచే మనిషి. అలాంటివారికి రేడియేషన్‌తో ఆ బాధ కొన్నాళ్లు ఎక్కువవుతుంది, ఆపరేషన్‌తో అడ్డు తొలగుతుంది. దాంపత్యం మీద రెండింటి దెబ్బా ఉంటుంది. ఆపరేషన్‌తో వెంటనే, రేడియేషన్‌తో మెల్లగా. ఈ మాట భార్యాభర్తలిద్దరూ కలిసి వినాలి.

నేను రేడియేషన్ డాక్టర్ని, నా మాట ఒక్కటే విని వెళ్లకండి. సర్జన్నీ కలవండి. రోబో ఆపరేషన్ అనగానే మురిసిపోవద్దు, దాన్ని నడిపేది సర్జన్ చెయ్యే. "ఏడాదికి ఎన్ని చేస్తారు? మీ పేషెంట్లలో ఏడాది తర్వాత ప్యాడ్ వాడేవాళ్లు ఎంతమంది?" అని మొహమాటం లేకుండా అడగండి. చెన్నైలో ప్రోటాన్ వైద్యం, అంటే ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్, 2019 నుంచి ఉంది. ప్రొస్టేట్ విషయంలో అది ఎక్స్‌రే కిరణాలను గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచి ఇచ్చే మామూలు ఐఎంఆర్‌టీ రేడియేషన్ కంటే మెరుగని ఇంతవరకూ తేలలేదు. దానికోసం పొలం అమ్ముతామంటే నేను ఒప్పుకోను. మరో కబురు: తగిన పేషెంట్లకు రేడియేషన్ ఐదు సిట్టింగుల్లో ముగించవచ్చు. ఊరి నుంచి వచ్చి ఇక్కడ వారాల తరబడి గది అద్దె కట్టుకునేవాళ్లు దీని గురించి తప్పక అడగాలి.

డాక్టర్ ఎదురుగా ఉన్న కుర్చీలో పేషెంటునే కూర్చోబెట్టండి, కొడుకులు పక్కన కూర్చోండి. ఇక ప్రశ్నలు అడగండి. నలుగురిలో అడగలేనివి చీటీ మీద రాసి ముందుకు పంపండి, పేరు రాయక్కర్లేదు.