పాత ట్రాన్స్‌ఫార్మర్ ఏదండీ?

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, ఈ హాలు ఇప్పించిన మిత్రులకి, వెనక టీలు సర్దుతున్నవారికి, పరీక్షలున్నా వచ్చిన పిల్లలకి... పేర్లు మొదలుపెడితే ఎవరినో ఒకరిని మర్చిపోతాను, అందరికీ కలిపి ఒకటే దండం. ఆహ్వానపత్రంలో నా అంశం ‘ట్యూబు బేస్ యాంప్లిఫయర్ల చరిత్ర’ అని వేశారు. బేస్ అంటే మంద్రస్వరాల తీగవాద్యం, ట్యూబంటే మన పాత రేడియోల్లో ఉండే వాల్వు. చరిత్ర రెండు ముక్కల్లో ముగించి నా గోడు చెప్పుకుంటాను.

మనం కూర్చున్న ఈ న్యూజెర్సీ ఎడిసన్‌కి లిండెన్ ఊరు ఎంతో దూరం కాదు. 1960లలో బేస్ యాంప్లిఫయర్లు చేసే ఆంపెగ్ కంపెనీ అక్కడే ఉండేది. దాన్ని పెట్టిన ఎవరెట్ హల్ గారు స్వయంగా బేస్ వాయించేవారు. రాక్ సంగీతమంటే ఆయనకి గిట్టదు. శబ్దం చీలకుండా శుభ్రంగా రావాలి, అంతే. 1960లో వాళ్లు తెచ్చిన బి-15 పోర్టాఫ్లెక్స్ అలాంటిదే. జెస్ ఆలివర్ రూపకల్పన. పదిహేను అంగుళాల స్పీకరు, ఇరవై అయిదు వాట్లు. యాంప్లిఫయరు పెట్టె మూతకే బిగించి ఉంటుంది. కచేరీ అయ్యాక మూత తిరగేస్తే ట్యూబులన్నీ పెట్టె లోపలికి వెళ్లిపోతాయి. కొన్నవాళ్ల పేరు ప్లాస్టిక్ పలక మీద చెక్కించి, వెనక దీపం కూడా పెట్టేవారు. మోటౌన్ రికార్డుల కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చిన్న క్లబ్బుల్లో వాడింది ఈ బి-15నే. తర్వాత 1969లో ఆంపెగ్ వారిదే ఎస్‌వీటీ అనే పెద్ద యాంప్లిఫయరు వచ్చింది. మూడు వందల వాట్లు, పద్నాలుగు ట్యూబులు, స్పీకర్లు కాకుండానే నలభై కిలోలకి దగ్గర. రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం వాళ్లు ఆ ఏడాది అమెరికా అంతా వాటితోనే తిరిగారు. చరిత్ర అయిపోయింది.

ఇక గోడు. మా స్నేహితుడొకాయన ముసలి జాజ్ కళాకారుడి దగ్గర బి-15 కొన్నాడు. కాసేపు బాగా మోగి, తర్వాత స్పీకరుకి శక్తినిచ్చే అవుట్‌పుట్ ట్యూబుల్లో ఒకటి, 6ఎల్6 అంటారు, దాని లోపలి లోహపు ప్లేటు ఎర్రగా కాలడం మొదలైంది. ఒక షాపుకి ఇచ్చాడు. ట్యూబులు మార్చారు. నెల తిరక్కుండా మళ్లీ ఎరుపే. మళ్లీ మార్చారు. చివరికి ‘ఫుల్ రిస్టోరేషన్’ అని, ట్యూబులకీ స్పీకరుకీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పీకి కొత్తది పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎర్రగానే కాలుతోంది!

ఏమైంది? ముందు దశకీ అవుట్‌పుట్ ట్యూబుకీ మధ్య ఒక కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది. సంగీతాన్ని వదిలి డీసీని, అంటే ఒకే దిశలో పారే కరెంటుని, ఆపడం దాని పని. పాతబడి లీకయితే డీసీ ట్యూబులో కరెంటుని అదుపుచేసే గ్రిడ్ మీదికి చేరుతుంది, ట్యూబు మోయలేనంత కరెంటు లాగుతుంది. కుళాయి కారుతుంటే బకెట్లు మార్చుకుంటూ పోయినట్టు ట్యూబులు మార్చారన్నమాట. ఆ కెపాసిటర్ ఖరీదు ఒకటి రెండు డాలర్లు. మీటరు పెట్టి గ్రిడ్ దగ్గర వోల్టేజి చూస్తే తెలిసిపోయేది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ ఏదండీ అని షాపుకి ఫోన్ చేసి అడిగాను. పారేశారట! యాంప్లిఫయరు గొంతులో సగం ఆ ఇనుములోనే ఉంటుంది. చెడిపోయిందని ఎవరూ కొలిచి చూడలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దయచేసి ఒక్క మాట రాసుకోండి: రిపేరుకి ఇచ్చేముందే, తీసిన ప్రతి పార్టూ సంచిలో వేసి తిరిగిమ్మని చెప్పండి.

ఏంటండీ, టైమా? ఇంకో అయిదు నిమిషాలు.

గరాజ్ సేల్లో పాత యాంప్లిఫయరు కనిపించగానే మనవాళ్లు చేసే మొదటి పని ప్లగ్గు పెట్టి ‘పనిచేస్తుందా’ అని చూడటం. బాబూ, వద్దు. దశాబ్దాలుగా పడి ఉన్న ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా వోల్టేజి ఇస్తే షార్టయి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసుకుపోతాయి. మన ఊళ్లలో వాల్వు రేడియోలు బాగుచేసినవాళ్లు సిరీస్ లాంప్ పెట్టేవారు, గుర్తుందా పెద్దవాళ్లకి? అదే ఇక్కడా. నూరు వాట్ల పాతరకం బల్బు సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండా వెళ్లాకే యాంప్లిఫయరుకి చేరేలా పెట్టండి, ఎల్‌ఈడీ కాదు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు. అలాగే ధగధగా వెలుగుతుంటే లోపల షార్టు, వెంటనే ఆపేయండి.

గుయ్యిమని హమ్ వస్తే దాని శ్రుతి వినండి. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్. హమ్ 120లో ఉంటే ముందు ఫిల్టర్ కెపాసిటర్లని, ఇందాక చెప్పిన ఎలక్ట్రొలిటిక్‌లనే, అనుమానించండి. 60లో ఉంటే గ్రౌండో, ట్యూబుల్ని వేడిచేసే హీటరు వైరింగో చూడండి. తంబురా శ్రుతి చేసేవాళ్లకి ఇది చిటికెలో పని.

ఆ కాలపు యాంప్లిఫయర్లకి చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే, ఒక కెపాసిటర్ మెయిన్స్ నుంచి నేరుగా చాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి ఉండేది. అది షార్టయితే బేస్ తీగలు ముట్టుకున్న వేళ్లకే షాకు. దాన్ని తీసేసి, ఎర్తున్న మూడు పిన్నుల కరెంటు తీగ వేయించాల్సిందే. ఒరిజినల్ అని దాన్ని కాపాడుకోకండి, ఒరిజినల్ మోజు ప్రాణం దగ్గర పనికిరాదు.

స్పీకరు తగిలించకుండా వాయించవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇండియా తీసుకెళ్లేవాళ్లు వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా అక్కడి 230 వోల్టుల్లో పెట్టకండి.

ఆ బల్ల మీద ఒక చాసిస్ తెచ్చాను. ప్లగ్గు తీసే ఉంది, అయినా ఎవరూ లోపల చేయి పెట్టకండి. అందులో నాలుగు వందల వోల్టులకి పైగా నిలవ ఉండొచ్చు. కెపాసిటర్‌ని రెసిస్టర్‌తో ఎలా ఖాళీ చేయాలో, ఖాళీ అయిందని మీటరుతో ఎలా చూడాలో చేసి చూపిస్తాను. ముందు వరసలో పిల్లలు కాస్త వెనక్కి జరగండి.