మీ ఇంటి మురుగు మూసీలో కలిసేలోపు ఏం జరుగుతుంది?

[దృశ్యం: నాగోల్ బ్రిడ్జి కింద మూసీ, నీటి మీద తెల్లటి నురగ]

నమస్తే అండీ. పొద్దున మీ బాత్రూంలోంచి, కిచెన్ సింకులోంచి పోయిన నీళ్లు ఎక్కడ తేలతాయో తెలుసా? మీది హైదరాబాద్ అయితే చాలావరకు మూసీలోనే. అనంతగిరి కొండల్లో పుట్టి, సిటీ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. మన మురుగుకీ ఆ నదికీ మధ్య ఉండేదే ఎస్‌టీపీ, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రం. ఒక్క అంబర్‌పేట ప్లాంటు కెపాసిటీయే 339 ఎంఎల్‌డీ, రోజుకు దాదాపు 34 కోట్ల లీటర్లు!

మురుగంటే మనకు గుర్తొచ్చేది కంపు. కానీ చేపలు ఎక్కువగా చచ్చేది ఊపిరాడక. మలం, అన్నం మెతుకులు, నూనె, సబ్బు, ఇవన్నీ బ్యాక్టీరియాకి తిండి, అవి తింటున్నంతసేపూ నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని లాగేసుకుంటాయి. మన ఎండలకి లీటరు నీళ్లలో కరిగేదే 7, 8 మిల్లీగ్రాములు, అదే లీటరు పచ్చి మురుగు అడిగేది 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఈ అడిగే లెక్కనే బీఓడీ అంటారు. నది ఎక్కడినుంచి తెచ్చిస్తుంది చెప్పండి?

అందుకే ఆ తిండిని నదికి చేరకముందే ట్యాంకులో తినిపించేస్తారు. ప్లాంటు అసలు పని ఇదే.

[దృశ్యం: ఇనుప కమ్మీల జల్లెడ]

ముందు జల్లెడ. పాల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, గుడ్డ పీలికలు, శానిటరీ ప్యాడ్లు ఇక్కడే ఆగుతాయి. తర్వాత ఇసుక దిగిపోతుంది. కొత్త ప్లాంట్లలో వాడే ఎస్‌బీఆర్ (సీక్వెన్సింగ్ బ్యాచ్ రియాక్టర్) పద్ధతిలో మిగతా పనంతా ఒకే ట్యాంకులో: నీళ్లు నింపుతారు, అడుగునుంచి గాలి కొడతారు, ఆపి తేరనిస్తారు, పైన తేట నీళ్లు తీసేస్తారు. గాలి కొట్టినప్పుడు మురుగులోని నైట్రోజన్ నైట్రేట్‌గా మారుతుంది, గాలి ఆపినప్పుడు ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఇది చిన్న విషయం కాదండీ, ఆ నైట్రోజన్ నీళ్లలోనే ఉండిపోతే చెరువు నిండా గుర్రపుడెక్క, దాని వెనకాలే దోమలు.

[దృశ్యం: గాజు జాడీ, దగ్గరగా]

నాకు బాగా నచ్చింది ఈ పరీక్ష. ట్యాంకులోంచి లీటరు నీళ్లు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచుతారు. గోధుమరంగు బురద గుత్తులు గుత్తులుగా కిందికి దిగి, పైన నీళ్లు తేటబడితే బ్యాక్టీరియా బాగున్నట్టు. బురద దిగకుండా పైకి తేలుతుంటే ఆపరేటర్‌కి టెన్షన్ మొదలు.

చివర క్లోరిన్ కలిపి నదిలోకి వదులుతారు.

ఇంత చేసినా ప్లాంటు దాకా వచ్చిన నీళ్లకే ఈ రక్షణ. నాలాల్లోంచి నేరుగా మూసీలో పడే మురుగుని ఏ ట్యాంకూ ఆపలేదు, దిగువన ఆ నీళ్లతోనే పారాగడ్డి పెంచి పశువులకు వేస్తున్నారు. ఫ్యాక్టరీ రసాయనాలు దొంగచాటుగా డ్రైనేజీలో కలిస్తే ఇంకా ఘోరం, బ్యాక్టీరియానే చచ్చిపోతుంది.

ఒక్కటి అడుగుతాను. వానకి రోడ్డు మీద నీళ్లు నిలిస్తే డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత తీయకండి. మనుషులు పడిపోతారు, చెత్తంతా లోపలికి పోతుంది, ఆ వరదంతా ప్లాంటు మీద పడితే పెంచుకున్న బ్యాక్టీరియా నీళ్లతోపాటే బయటికి కొట్టుకుపోతుంది. జలమండలి నంబర్ 155313, ఫోన్ చేసి చెప్పండి.