షోలవరం రేసు ఫియట్ అంటున్నారు, నిజమేనా? మనుబోలు షెడ్డులో చూసొద్దాం

అందరికీ నమస్కారం. ఈరోజు మైలేజీ ఎంత, డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయి, ఇవేం చెప్పను, ఎందుకంటే ఈ బండికి వెనక సీటే లేదు. మనుబోలు దగ్గర ఒక షెడ్డులో ఉన్నాం, ఎదురుగా ఉన్నది ప్రీమియర్ పద్మిని, మనం ఫియట్ అనే పిలుస్తాం. ఓనరన్న చెప్పేదేందంటే ఇది షోలవరంలో రేసులు ఆడిన బండి, అందుకే మామూలు పద్మినికి మూడింతల రేటు. గోడకి ఫ్రేము కట్టిన ఫోటో చూడండి. తెల్ల ఫియట్, డోరు మీద 27, నంబర్ ప్లేటు దగ్గర ఎవరో మనిషి అడ్డం నిలబడ్డాడు, ఫోటో వెనక పెన్నుతో 1972.

షోలవరం అంటే, నెల్లూరు నుంచి మద్రాసు పోతుంటే రెడ్‌హిల్స్‌కి ముందే వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. మద్రాసు దగ్గరే ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ రాకముందు మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు ఏళ్ల తరబడి రేసులు పెట్టింది దాని మీదే. ఫార్ములా బండ్లతో పాటు ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు కూడా అక్కడ ఉరికినవే. అందుకే మన వైపు ఏ పాత ఫియట్ అమ్మాలన్నా షోలవరం పేరు తగిలిస్తారు, కనపడిన ప్రతి బియ్యం బస్తా మీదా నెల్లూరు మొలగొలుకులు అని రాసినట్టు.

సరే, చూద్దాం. ఓనరన్నని అడిగి, డోరు మీద అరచేయంత చోట 2000 నంబరు వాటర్ పేపరుతో తడుపుతూ మెల్లగా రుద్దాను. ముందు పైనున్న ఎరుపు పోయింది, దాని కింద బూడిద రంగు ప్రైమరు, తర్వాత లేత నీలం, ఆ నీలం మీద ఇదిగో, తెల్ల రంగు అంచు వంపు తిరిగి కనపడుతోంది కదా, రేసు నంబరు వేసే గుండ్రం అది. గుండె ఝల్లుమంది, నిజంగా! అన్న అయితే అప్పుడే టీ చెప్పేశాడు. కానీ ఆగండి, రేసు ఆడింది ఈ డోరు, బండి ఆడిందని ఇంకా తెలియదు. హింజి బోల్టులు విప్పితే ఒక పద్మిని డోరు ఇంకో పద్మినికి ఎక్కుతుంది.

కాబట్టి విప్పడానికి వీల్లేనివి చూడాలి. మ్యాట్ ఎత్తితే ఫ్లోరులో మందపాటి ఇనప పలకలు వెల్డింగ్ చేసి ఉన్నాయి, ఒక్కోదానికి మూడేసి బెజ్జాలు. రోల్ కేజ్, అంటే బండి పల్టీ కొట్టినా లోపలి మనిషి నలగకుండా వేసే ఇనప పంజరం, దాని పాదాలు దిగే చోటు ఇది. వెల్డింగ్ మీద కూడా ఆ నీలం రంగే ఉంది, అంటే నిన్నమొన్న అతికించింది కాదు. స్టీరింగ్ దగ్గరుండే గేరు కడ్డీ తీసేసి ఫ్లోరులోకి మార్చారు, పాత బెజ్జానికి రేకు మూశారు. ఈ పనులన్నీ ఎవరో రేసు కోసమే చేయించారు, అందులో నాకు అనుమానం లేదు.

ఇప్పుడు సీ బుక్కు. ఇంజన్ నంబరు కలవలేదు. దానికి నేనేం టెన్షన్ పడను, రేసు బండికి ఇంజన్లు మారుతూనే ఉంటాయి, అన్నీ కలిస్తేనే నాకు అనుమానం. ఛాసిస్ నంబరు మాత్రం కలిసింది, చుట్టూ గ్రైండింగ్ గీతలు లేవు, అంకెలన్నీ ఒకే లోతులో ఉన్నాయి, అంటే చెరిపి మళ్లీ కొట్టింది కాదు. కానీ తయారైన సంవత్సరం దగ్గర ఏముందో చదవండి. 1976. ఫోటో 1972ది! పద్మిని అనే పేరు వచ్చిందే 1974లో. ఇది పుట్టకముందే రేసుకి ఎట్టా పోయిందన్నా అంటే, అన్న టీ గ్లాసు వైపు చూస్తున్నాడు. పైగా ఫోటోలో బండి తెలుపు, మన డోరు నీలం.

ఇది మన ఊరి గోలే అనుకోకండి. 1987లో ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్500 రోడ్డు బండ్లు 500 మాత్రమే చేసింది, కానీ ట్రాక్ మీద తిరిగిన సియెర్రాలు చాలా వరకు ఉత్త బాడీ షెల్లు, అంటే ఇంజన్, సీట్లు ఏవీ లేని డొల్లలు కొని టీములు కట్టుకున్నవి. ఇంగ్లండులో ఆండీ రౌజ్, స్విట్జర్లాండులో ఎగెన్‌బర్గర్, ఆస్ట్రేలియాలో డిక్ జాన్సన్, ఎవరి లెక్క వాళ్లది, ఎవరి నంబర్లు వాళ్లవి. గుద్దుకుంటే షెల్లు మార్చి, బతికిన సామాన్లు కొత్తదాంట్లోకి ఎక్కించేవాళ్లు. ఇక అసలు బండి ఏది, పాత షెల్లా, పాత సామాన్లున్న కొత్త షెల్లా? హెరాల్డుకైతే ఛాసిస్, అంటే కింది చట్రం విడిగా, బాడీ విడిగా ఉంటాయి కాబట్టి ఒక బండి నుంచి రెండు చరిత్రలు పుట్టించొచ్చు. ఫియట్‌కి ఆ బాధ తక్కువ, బాడీనే ఛాసిస్.

నా మాట ఏందంటే, ఇది రేసు బండే, కానీ ఫోటోలో బండి కాదు. మామూలు పద్మిని మీద ఓ పాతిక శాతం ఎక్కువ ఇవ్వొచ్చు, మూడింతలు మాత్రం వద్దు. అన్న కాసేపు ముఖం మాడ్చుకున్నాడు గానీ ఫోటో తీసి పక్కన పెట్టాడు, పెద్దమనిషి. మీలో ఎవరింట్లోనైనా 1976 తర్వాతి షోలవరం ఫోటోలుంటే, నీలం ఫియట్, ప్లేటుకి ఎవరూ అడ్డం లేనిది, కామెంట్లో చెప్పండి, నేనే వచ్చి స్కాన్ చేసుకుంటా.