గురువారం వేసిన మందు, శనివారం తగ్గిన జ్వరం: చిన్నపిల్లలకు యాంటీబయాటిక్ నిజంగా ఎప్పుడు కావాలి?

[తెర మీద: తెరిచిన ఫ్రిజ్ తలుపు. నీళ్ల సీసాల పక్కన సగం మిగిలిన సిరప్.]

నమస్తే. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే ఒకసారి లేచి ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. సగం మిగిలిన సిరప్ ఏదైనా ఉందా? దాని మీద అమోక్సిసిలిన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్‌లలో ఏదో ఒక పేరు ఉందా? అవి యాంటీబయాటిక్‌లు. ఉన్నా కంగారు పడకండి, చాలా ఇళ్లలో ఉంటాయి. అక్కడే ఉంచి వీడియో చూడండి. దాన్ని ఏం చేయాలో మధ్యలో చెప్తాను.

వానాకాలం మొదలైందంటే హనుమకొండలో పిల్లల దవాఖానల ముందు కూర్చోడానికి జాగా దొరకదు. నర్సంపేట, పరకాల, ములుగు నుంచి పొద్దున బస్సుకే బయల్దేరి వస్తారు. డాక్టర్ ముందు కూర్చున్నాక చాలామంది అనే మాటలు రెండు.

"సార్, జర పవర్ ఉన్న మందు రాయుండ్రి."

"పోయినసారి రాసిన తెల్ల సిరప్పే రాయుండ్రి సార్, దానితోనే తగ్గింది."

మొదటి మాట సంగతి తర్వాత చూద్దాం. అసలు చిక్కంతా రెండో మాటలో ఉంది.

[తెర మీద: గోడ క్యాలెండర్. సోమవారం మీద ఎర్ర చుక్క.]

సోమవారం రాత్రి పిల్లకు ఒళ్లు కాలింది. ముక్కు కారుతోంది, సన్నగా దగ్గు. మంగళవారం ఇంట్లో ఉన్న పారాసిటమాల్ తాపారు. దిగింది, మళ్లీ ఎక్కింది. బుధవారం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయారు, ఒక సూది అయింది. ఆ రాత్రి కూడా జ్వరమే. ఇక టెన్షన్ ఆగక గురువారం వరంగల్ వచ్చారు. అక్కడ యాంటీబయాటిక్ రాశారు. శుక్రవారం కాస్త నయం, శనివారానికి పిల్ల లేచి ఆడుకుంటోంది.

ఏ తల్లయినా ఏమనుకుంటుంది? గురువారం మందే పని చేసిందనుకుంటుంది. అందులో ఆమె తప్పు లేదు, కళ్లారా చూసింది కదా.

కానీ సర్ది, దగ్గులతో వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. ఆ జ్వరం మామూలుగా మూడు నుంచి ఐదు రోజుల్లో దానంతట అదే దిగిపోతుంది. మనం పెద్ద దవాఖానకు ఎప్పుడు పోతాం? ఓపిక పట్టీ పట్టీ, మూడో రోజో నాలుగో రోజో. అంటే జ్వరం తగ్గడానికి సిద్ధంగా ఉన్నప్పుడే మందు మొదలవుతుంది. నాలుగు రోజుల ముసురులో మూడో రోజు గొడుగు కొని, నాలుగో రోజు వాన వెలిస్తే గొడుగుకు దండం పెట్టినట్టు.

ఇది ఒక్కసారితో పోదు. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు సర్ది రావడం మామూలే. అంగన్‌వాడీకో ప్లేస్కూల్‌కో పోయే పిల్లలకైతే ఇంకా ఎక్కువ. అన్నిసార్లు ఇదే వరస నడిస్తే, "మా పిల్లకు ఆ మందు పడితే గానీ తగ్గదు" అనే నమ్మకం గట్టిపడుతుంది. దాన్ని "ప్రజల అవగాహనాలోపం" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసే ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. ఆ తల్లి లెక్కలో ఒక్కటే తక్కువైంది: మందు వేయకుండా ఆగి ఉంటే శనివారం ఏమయ్యేదో చూసే అవకాశం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

[తెర మీద: బొమ్మ. ఒకవైపు గోడ ఉన్న బాక్టీరియా, మరోవైపు కణంలోకి దూరిన వైరస్.]

యాంటీబయాటిక్ వైరస్ మీద ఎందుకు పని చేయదో చూద్దాం. అమోక్సిసిలిన్, సెఫిక్సిమ్ లాంటివి బాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టనివ్వవు. అజిత్రోమైసిన్ బాక్టీరియా లోపల ప్రోటీన్ తయారీని ఆపుతుంది. వైరస్‌కు ఆ గోడే లేదు, సొంతంగా ప్రోటీన్ చేసుకునే ఏర్పాటూ లేదు. మన కణాల్లోకి దూరి, మన సామానుతోనే పని కానిస్తుంది. ఇక ఆ మందు దేన్ని కొట్టాలి?

"చీమిడి పచ్చగా అయింది, ఇన్ఫెక్షన్ ముదిరింది" అంటారు. ఇదీ పాత నమ్మకమే. రోగంతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఆకుపచ్చ రంగున్న ఒక ఎంజైమ్ ఉంటుంది, రంగు దాని వల్ల వస్తుంది. మామూలు సర్దిలో కూడా నాలుగైదు రోజులకు చీమిడి చిక్కబడి పచ్చబడుతుంది. దగ్గయితే జ్వరం పోయాక కూడా రెండు మూడు వారాలు సాగొచ్చు.

ఇక "పవర్" మాట. ఐదేళ్లలోపు పిల్లలకు నిమోనియా వస్తే, నోటితో ఇవ్వదగ్గ స్థితిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట వాడమనే మందు ఏదో తెలుసా? అమోక్సిసిలిన్. పాత మందు, చౌక మందు, మన పీహెచ్‌సీల్లో ఇచ్చే మందు. ఆ సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది. అమోక్సిసిలిన్‌ను ముందుగా వాడదగ్గ గుంపులో పెట్టింది. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్‌లను జాగ్రత్తగా, అవసరమైన చోటే వాడాల్సిన గుంపులో పెట్టింది. మనం సర్దికి అడిగి మరీ తెచ్చుకునేవి ఎక్కువగా ఈ రెండో గుంపువే. ధర ఎక్కువుంటే పవర్ ఎక్కువని ఎక్కడా లేదు. ఏ క్రిమికి ఏ మందు అన్నదే లెక్క.

[తెర మీద: డాక్టర్ బల్ల. ఒకవైపు అమ్మ, అమ్మమ్మ. మరోవైపు డాక్టర్.]

మరి డాక్టర్లు ఎందుకు రాస్తున్నారు? 1999లో అమెరికాలో పిల్లల డాక్టర్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. జబ్బు వైరస్ వల్లే అని డాక్టర్ అనుకున్న సందర్భాలవి. తల్లిదండ్రులు యాంటీబయాటిక్ కోరుకుంటున్నారని డాక్టర్‌కు అనిపిస్తే నూటికి 62 సార్లు రాశారు. అలా అనిపించకపోతే నూటికి 7 సార్లే. విడ్డూరం ఏంటంటే, తల్లిదండ్రుల సంతృప్తికీ మందు రాయడానికీ సంబంధం కనిపించలేదు. డాక్టర్ సరిగ్గా మాట్లాడారా లేదా అన్నదే వాళ్లు చూసుకున్నారు. అమెరికా సంగతి మనకెందుకు అనొచ్చు. కానీ బల్లకు అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చుని, ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించుకోవడం మన దగ్గరా జరిగేదే.

మన దగ్గర ఇంకా కొన్ని కలుస్తాయి. పత్తి ఏరే రోజుల్లో పిల్ల కోసం ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఏటూరునాగారం నుంచి వరంగల్ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. అంత దూరం వచ్చి, ఫీజు కట్టి, ఒక్క పారాసిటమాల్‌తో ఇంటికి పోతే అత్తమ్మ ఊరుకుంటుందా? "ఏం డాక్టరమ్మ ఆమె? ఒక్క సూది కూడ వెయ్యలె!" ఆ మాట పడటం కంటే యాంటీబయాటిక్ రాయించుకోవడమే నయమనిపిస్తుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ చూపించండి అంటే, మళ్లీ బస్సు చార్జీలు ఎవరిస్తారు? ఇవన్నీ నిజమైన కష్టాలే. అందుకే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయేవాళ్లను తిట్టను. కానీ యాంటీబయాటిక్ రాసే అధికారం ఆయనకు లేదని మాత్రం గుర్తుపెట్టుకోండి. డాక్టర్ చీటీ లేకుండా మెడికల్ షాపులో ఇవ్వడం కూడా చట్టవిరుద్ధమే. 2014 మార్చి 1 నుంచి సెఫిక్సిమ్ లాంటి మందులు అమ్మితే షాపువాళ్లు డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. స్ట్రిప్ మీద కనిపించే నిలువు ఎర్ర గీత అర్థం కూడా అదే, చీటీ లేకుండా కొనొద్దని.

వేస్తే నష్టమేంటి, వేసి చూద్దాం అంటారా? వెంటనే కనిపించే నష్టాలు విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, నోట్లో తెల్లపూత. కనిపించనిది ఇంకోటి ఉంది. మందు వేసిన ప్రతిసారీ ఆ పిల్ల పేగుల్లో, గొంతులో ఉన్న బాక్టీరియాలో బలహీనమైనవి చస్తాయి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. అవి నెలల తరబడి ఆ ఒంట్లోనే ఉండొచ్చు, ఇంట్లో మిగతావాళ్లకూ అంటొచ్చు. రేపు ఆ పిల్లకే నిజంగా మూత్రంలో ఇన్ఫెక్షనో నిమోనియానో వస్తే, మామూలు మందు పని చేయక సూదులు, అడ్మిషన్ దాకా పోవాల్సి రావొచ్చు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

[తెర మీద: పడుకున్న పాప. పొట్ట లేచి దిగడం దగ్గరగా. పక్కన సెకన్ల ముల్లు.]

ఇప్పుడు చెప్పేది మాత్రం ఫోన్ పక్కన పెట్టకుండా వినండి. యాంటీబయాటిక్ అంటేనే భయపడి, అవసరమైనప్పుడు ఇవ్వకపోవడం ఇంకా ప్రమాదం. "వేడి చేస్తుంది" అని రెండు రోజులకే ఆపేసేవాళ్లూ ఉన్నారు.

పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు, జ్వరం దిగి ఉన్నప్పుడైతే మరీ మంచిది, బట్ట పైకెత్తి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు అయితే 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాదిలోపు అయితే 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్లలోపు అయితే 40 లేదా ఎక్కువ ఉంటే నిమోనియా అనుమానించాలి. అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఊపిరి తీసేటప్పుడు డొక్క లోపలికి గుంజుతున్నా, పాలు తాగలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఇంట్లో ఒక్క పూట కూడా ఆగొద్దు.

జ్వరం ఐదు రోజులు దాటినా, విరేచనంలో రక్తం పడినా, మూత్రం పోసేటప్పుడు ఏడ్చినా యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. చెట్లూ పొదలూ ఉన్న చోట్ల పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఒకటుంది. చంకలోనో తొడ సందులోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే తప్పకుండా డాక్టర్‌కు చూపించండి, దానికి యాంటీబయాటికే మందు. డెంగీకి మాత్రం యాంటీబయాటిక్‌తో పని లేదు. ఆ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్ జోలికి కూడా పోవద్దు, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే.

నీళ్ల విరేచనాలు కూడా చిన్నపిల్లల్లో ఎక్కువగా వైరస్‌లవే. ఓఆర్‌ఎస్, 14 రోజులు జింక్. ఆశా వర్కర్‌ను అడిగితే రెండూ ఇస్తారు. సర్ది దగ్గుకైతే ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటిన పిల్లలకు రాత్రి అర చెంచా తేనె. ఏడాదిలోపు తేనె నాకించొద్దు.

[తెర మీద: పొడి ఉన్న సిరప్ సీసా, దాని మీద బాణం గుర్తు.]

డాక్టర్ చూసి యాంటీబయాటిక్ అవసరమే అన్నారనుకోండి. అప్పుడు సరిగ్గా తాపాలి. కాచి చల్లార్చిన నీళ్లు గుర్తు దాకా పోసి, బాగా గిలకొట్టి, నురగ దిగాక మళ్లీ గుర్తు దాకా నింపాలి. నీళ్లు ఎక్కువైతే మందు పలచన, తక్కువైతే చిక్కన. ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, సీసాతో వచ్చిన మూతో సిరంజో వాడండి. తాపే ప్రతిసారీ ఊపండి. ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులు. గొంతులో స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా ఉండి అమోక్సిసిలిన్ రాస్తే పది రోజులు ఉంటుంది, ఎందుకంటే అది సగంలో ఆపితే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

నీళ్లు కలిపిన సిరప్ చాలావాటికి ఏడు రోజులే ఆయుష్షు, సీసా మీద చూసుకోండి. కాబట్టి ఫ్రిజ్‌లో ఉన్న ఆ పాత సీసా ఇప్పుడు పనికిరాదు. చెల్లెలికో, పక్కింటి బాబుకో అసలే ఇవ్వొద్దు.

ఈసారి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు "పవర్ మందు" అనే బదులు ఇలా అడిగి చూడండి. "సార్, ఇది వైరసా, బాక్టీరియానా? యాంటీబయాటిక్ ఇప్పుడే మొదలుపెట్టాలా, రెండు రోజులు చూడొచ్చా? ఏం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి?" దూరం ఊరని చెప్తే, రెండు రోజుల్లో తగ్గకపోతే ఏం చేయాలో ఫోన్‌లో అడగొచ్చా అని కూడా అడగండి. మీరు మందు కోసమే వచ్చారని డాక్టర్ అనుకునే పరిస్థితి అక్కడే తప్పుతుంది. పాత చీటీలు వెంట ఉంచుకోండి, పోయినసారి ఏం రాశారో నోటితో చెప్పడం కష్టం.

ఇంకోటి, పిల్లల మందు డోసు వయసును బట్టి కంటే బరువును బట్టి లెక్కేస్తారు. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూస్తారు. మీ పిల్ల ఈ నెల బరువు మీకు తెలియకపోతే రేపే తూయించి, ఆ అంకె ఫోన్‌లో రాసి పెట్టుకోండి.