మూత తీయకండి, చెవి పెట్టండి

సర్పంచ్ గారికీ, తేనెటీగల పెట్టెలు తీసుకెళ్లడానికి ఇంత చలిలో పొద్దున్నే వచ్చిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ నమస్కారం. పెద్దలందరి పేర్లూ చెప్పాలి, కానీ నాకిచ్చింది పది నిమిషాలే. మన్నించండి.

కిలో తేనె ఎంతకు పోతుందో చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక సంగతి.

పోయిన సంక్రాంతి ముందు, ఇదే చింతపల్లిలో, పొద్దున ఏడింటికి మా ఇంటికి తనిఖీ అని నలుగురు వచ్చారు. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. పెట్టెలు తెరవమన్నారు, ఫొటోలు కావాలట. ఎండ రానివ్వండి సార్, పదకొండు దాటాక తెరుద్దాం అన్నాను. టైం లేదన్నారు. ఆరు పెట్టెలు తెరిపించారు. తేనెపట్టు ఉండే చెక్క ఫ్రేములు పైకెత్తి పట్టుకుంటే, ముద్దగా ఒదిగి ఉన్న ఈగలు గడ్డి మీద రాలాయి. అరచేతిలోకి ఏరుకుని ఊపిరి ఊదాను. కొన్ని కాళ్లు కదిపాయి, అంతే. పది రోజుల్లో రెండు పెట్టెలు పోయాయి. ఒకదాంట్లో పిల్లలు చలికి నల్లబడి చచ్చాయి. రెండో దాంట్లో ఈగలు లేచిపోయాయి.

ఏడాది అయింది, నాకు ఆ కోపం తగ్గలేదు.

ఎందుకంటే ఆ ముద్దే వాటి కుంపటి. రెక్కలు ఆడించకుండా, రెక్కల కండలు మాత్రం వణికించి వేడి పుట్టిస్తాయి. బయట 5 డిగ్రీలున్నా పిల్లలున్న చోట 35 దగ్గర నిలబెడతాయి. ఆ వేడికి కట్టెలు ఏవి? తేనే. మూత తీస్తే రాత్రంతా కాచుకున్న వేడి ఒక్క నిమిషంలో పోతుంది. మన నాటు ఈగకు ఓర్పు తక్కువ, విసిగితే ఇల్లు వదిలేస్తుంది.

మరి చూసుకోవడం ఎలా? పెట్టెకు చెవి ఆనించి, వేలి కణుపుతో ఒక్కసారి తట్టండి. అన్నీ కలిసి ‘బుస్స్’ మని ఠక్కున ఆగితే బాగున్నట్టు. ఏడుపులా సాగుతూనే ఉంటే రాణి ఈగ లేదేమోనని అనుమానించాలి. తర్వాత పెట్టె వెనక వైపు రెండు వేళ్లతో కొంచెం ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే తిండి లేదు. అప్పుడు ఎండ బాగా కాసే మధ్యాహ్నం చూసి, రెండు పాళ్ల పంచదారకు ఒక పాలు నీళ్లు కలిపి పెట్టండి. గుమ్మం ముందు చచ్చిన ఈగలుంటే పుల్లతో తీసేయండి. పెట్టె మీద గోనెసంచి కప్పండి, గుమ్మం మాత్రం మూయకండి. లోపలి తేమ బయటికి పోవాలి.

అమ్మా, వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఇది మీకే చెబుతున్నాను. పెట్టెల దగ్గర రోజూ ఉండేది మీరే.

ఇంకోటి. వలిసె పూలు అయిపోగానే తేనె మొత్తం పిండేస్తున్నాం. ఆ తర్వాత కాఫీ పూత మార్చి, ఏప్రిల్‌లో కదా? మధ్యలో అవి ఏం తినాలి? పై గదిలో తేనె తీసుకోండి, కింద పిల్లల గది జోలికి వెళ్లకండి. వ్యాపారి వచ్చి ఇంకో రెండు కిలోలు కావాలన్నా సరే, వద్దు.

రేటు సంగతి మిగిలిపోయింది, భోజనాల దగ్గర చెబుతాను. బడి వెనక నాలుగు పెట్టెలు పెట్టించాను. ఎండ ఇంకా రాలేదు, తెరవం. ఒక్కొక్కరే వచ్చి చెవి పెట్టండి. వాటిలో ఒకటి తేలిగ్గా ఉంది. ఏదో మీరే చెప్పాలి.