పన్నెండు బిస్కెట్లు, ఒక భాగహారం

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

బొమ్మల పుస్తకాన్ని గణితం తరగతిలోకి తీసుకువెళ్ళమంటే, పాఠం మొదలయ్యే ముందు పిల్లలను హుషారు చేయడానికే అది పనికివస్తుందని చాలామంది అనుకుంటారు. నేను అంతకంటే ఎక్కువే ఆశిస్తాను. కొన్ని కథల్లో లెక్క తేలితే తప్ప కథ ముందుకు కదలదు. అటువంటి కథలను వెతికి పట్టుకోవడం, చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం మన పని.

ప్యాట్ హచిన్స్ 1986లో వెలువరించిన ‘ది డోర్‌బెల్ రాంగ్’ (తలుపు గంట మోగింది) అటువంటి కథ. అమ్మ చేసిన 12 బిస్కెట్లను ఇద్దరు పిల్లలు ఆరేసి చొప్పున పంచుకుని తినబోతుండగా గంట మోగి మరో ఇద్దరు వస్తారు, వాటా మూడుకు తగ్గుతుంది. ఇంకో ఇద్దరు వచ్చేసరికి రెండవుతుంది. ఆ తరువాత ఒకేసారి ఆరుగురు రావడంతో తలా ఒక్కటే మిగులుతుంది. అంతలో మళ్ళీ గంట మోగుతుంది. తలుపు తీయాలా, ముందు తినేయాలా అన్న సంకటం పిల్లలకు నిజంగా పడుతుంది.

మొదటిసారి ఈ కథను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చివరిదాకా చదవండి. రెండోసారి చదివేటప్పుడు పిల్లల ముందు 12 చింతపిక్కలు పెట్టి, గంట మోగిన ప్రతిచోటా పేజీ తిప్పకుండా ఆగండి. కొందరు పిక్కలన్నీ పోగుచేసి మొదటినుంచి ఒక్కొక్కటిగా పంచుతారు. కొందరు, మనుషులు రెట్టింపయ్యారు కాబట్టి వాటా సగమవుతుందని పంచకుండానే చెబుతారు. రెండు పద్ధతులనూ తరగతి అంతా వినాలి. మొత్తం మారకుండా పంచుకునేవారు పెరిగితే వాటా తగ్గుతుందన్న ఈ అనుభవం, మూడు కంటే ఆరు పెద్దది కాబట్టి 1/3 కంటే 1/6 పెద్దదని పొరబడే పిల్లలకు పై తరగతుల్లో ఎంతో అక్కరకు వస్తుంది.

ఈ కథలో నాకు మరీ విలువైనదిగా తోచేది రచయిత్రి వదిలేసిన చోటు. పిల్లలు 2, 4, 6, 12 మంది అవుతారే గాని ఎక్కడా ఎనిమిది మంది కారు. ఎనిమిది మందే ఉంటే ఏం జరిగేదని అడగండి. తలా ఒకటి ఇచ్చాక నాలుగు మిగులుతాయి. చింతపిక్కను విరవలేము, బిస్కెట్‌ను విరవగలం. భిన్నం అవసరమేమిటో పిల్లలకు అక్కడ తెలుస్తుంది. ‘ఒకటిన్నర’ అన్న జవాబు వాళ్ళ నోటినుంచే రానివ్వండి, మీరు తొందరపడి అందించకండి.

జపాన్ చిత్రకారుడు మిత్సుమాసా అన్నో ఒకప్పుడు ప్రాథమిక పాఠశాలలో బోధించినవారు. ఆయన ‘అన్నోస్ కౌంటింగ్ బుక్’ ఒకటితో కాక సున్నతో మొదలవుతుంది: మంచు కప్పిన నేల, నది తప్ప ఇల్లూ లేదు, చెట్టూ లేదు. అంకెల పాఠంలో సున్నను చివరకు నెట్టే మనం ఆ బొమ్మ ముందు కాసేపు ఆగవలసిందే.

రెట్టింపుల సంగతికి వస్తే, మన దేశం నేపథ్యంగా డెమి రచించిన ‘వన్ గ్రెయిన్ ఆఫ్ రైస్’ ఉంది. రాణి అనే అమ్మాయి మొదటిరోజు ఒకే గింజ అడిగి, రోజూ దాన్ని రెట్టింపు చేయమంటుంది. ముప్పయ్యో రోజు ఒక్కనాడే 53,68,70,912 గింజలు ఇవ్వవలసి వస్తుంది. ఐదో తరగతి పిల్లలు మొదటి పది రోజుల లెక్క తామే కట్టి, మిగతాది ఊహించి, ఆ తరువాత పేజీ తిప్పాలి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని మీరు అడుగుతారు. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగానే ఉన్నాయి. ఏ పుస్తకమైనా తరగతికి తీసుకువెళ్ళే ముందు బొమ్మల్లోని వస్తువులను మీరే ఒకసారి లెక్కపెట్టండి. వాక్యంలో ఏడు పిట్టలని ఉండి బొమ్మలో ఆరే ఉంటే పిల్లలు తప్పక పట్టుకుంటారు. అప్పుడు వాళ్ళ లెక్కే సరైనదని ఒప్పుకుని, ఆ సంఖ్యతోనే పాఠం కొనసాగించండి.